కొల్లేటి నీటిదారులు, రాతలో పుట్టే బొమ్మలు

నీటిపారుదల శాఖలో పనిచేసేవారికి లైన్ డయాగ్రమ్ చేతిలో లేనిదే పని సాగదు. కాలువ ఎక్కడ పుట్టి ఎక్కడ ముగుస్తుందో, ఏ లాకు దాటాక ఏ పిల్లకాలువ చీలుతుందో, ఏ తూము కింద ఎంత ఆయకట్టు ఉందో ఒకే కాగితం మీద గీతలతో, పేర్లతో చూపే బొమ్మ అది. ఊళ్ల మధ్య దూరాలు, దిక్కులు అందులో ఉన్నవి ఉన్నట్టు ఉండవు. ఏది దేనిలో కలుస్తుందన్నదే అక్కడ ముఖ్యం. గణితంలో ఇలాంటి నిర్మాణాన్ని గ్రాఫ్ అంటారు. కొన్ని బిందువులు, వాటిని కలిపే గీతలు, ఆ గీతలకు దిశలు, అంతే దాని సామగ్రి.

అలాంటి బొమ్మలను చేత్తోనో మౌస్‌తోనో గీయకుండా, ఏది దేనిలో కలుస్తుందో మాటల్లో రాసి, గీసే పనిని కంప్యూటరుకు అప్పగించే ఓపెన్ సోర్స్ ఉపకరణాల వెనుక నలభై ఏళ్లు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రను చెప్పి, వాటిని ఒకదానితో ఒకటి పోల్చడం ఈ వ్యాసం ఉద్దేశం. కొలమానంగా ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతపు నీటిదారులను తీసుకుంటున్నాను. ఇంతకంటే కఠినమైన పరీక్ష తెలుగునాట దొరకడం కష్టం.

రెండు నదుల నడుమ

ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద ఆర్థర్ కాటన్ ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. విజయవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855కు సిద్ధమైంది. గోదావరి పశ్చిమ డెల్టాకు నీరిచ్చే కాలువ విజ్జేశ్వరం దగ్గర బయలుదేరుతుంది. దాని ఏలూరు శాఖ నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా పడమటికి నడుస్తుంది. కృష్ణ వైపు నుంచి విజయవాడలో మొదలైన ఏలూరు కాలువ తూర్పుకు వస్తుంది. ఈ రెండూ ఏలూరులో కలుస్తాయి. రోడ్లు, రైళ్లు పూర్తిగా కుదురుకోని కాలంలో విజయవాడ నుంచి రాజమహేంద్రవరం దాకా పడవల రాకపోకలు సాగింది ఈ దారినే.

మనిషి తవ్విన ఈ కాలువలు తూర్పు పడమరలుగా సాగితే, ప్రకృతి ఇచ్చిన వాగులు ఉత్తరపు మెట్ట నుంచి దక్షిణానికి దిగుతాయి. అంటే ఒకదాన్ని మరొకటి అడ్డంగా దాటవలసిందే. తాడేపల్లిగూడెం పరిసరాల్లో ఎర్రకాలువ ఏలూరు కాలువను నందమూరు అక్విడెక్టు దగ్గర దాటి, ముందుకు పోయి యనమదుర్రు డ్రెయిన్‌గా సాగుతుంది. విజయవాడ పక్కన ఎనికేపాడు దగ్గర బుడమేరు అండర్ టన్నెల్ గుండా కాలువ కిందుగా వెళ్తుంది. ఏలూరు పొలిమేరలో తమ్మిలేరు రెండు పాయలుగా చీలి పట్టణానికి ఇరుపక్కలా నడిచి కొల్లేటికి చేరుతుంది.

కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల మధ్య మిగిలిపోయిన పల్లపు భూమి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి వాగులతో పాటు రెండు డెల్టాల నుంచి అరవైకి పైగా పెద్దా చిన్నా డ్రెయిన్లు, ఛానళ్లు అందులోకి దిగుతాయి. బయటికి పోయే సహజమైన దారి మాత్రం ఒక్కటే. సరస్సు వదిలి పెదయడ్లగాడి దాటిన నీరు ఉప్పుటేరు పట్టి సుమారు 60 కిలోమీటర్లు ప్రయాణించి బంగాళాఖాతంలో కలుస్తుంది. సరస్సులో నీరు తగ్గి, సముద్రం పోటు మీద ఉన్నప్పుడు అదే ఉప్పుటేరు వెనక్కి తిరిగి ఉప్పునీటిని లంక గ్రామాల వైపు మోసుకొస్తుంది.

డెల్టా మురుగు సమస్య మీద 1960ల మధ్యలో మిత్రా కమిటీ పనిచేసింది. 1970ల చివరి నుంచి సరస్సు గర్భంలో చేపల చెరువులు పెరిగాయి, వాటి గట్లు నీటిదారులకు అడ్డు నిలిచాయి. 1999 అక్టోబర్ 4న వెలువడిన జీవో 120, సముద్రమట్టానికి +5 అడుగుల కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేర్చినప్పుడు చూపిన విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లను తెగ్గొట్టారు. 2008లో శాసనసభ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించమని తీర్మానించింది. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ ఐదో కాంటూరునే ఉంచమని సలహా ఇచ్చింది.

ఇక్కడి నీటిదారుల బొమ్మ ఒకసారి గీసి గోడకు తగిలించేది కాదని ఇంతవరకు చెప్పిన చరిత్రే చెబుతోంది. గట్టు వేసినప్పుడు ఒక గీత తెగుతుంది, తెగ్గొట్టినప్పుడు మళ్లీ అతుక్కుంటుంది. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల మొదలై గోదావరి నీరు పోలవరం కుడి కాలువ ద్వారా కృష్ణకు చేరినప్పుడు బొమ్మలో అంతకుముందు లేని గీత పుట్టింది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు డైవర్షన్ ఛానల్‌కు గండ్లు పడి విజయవాడ మునిగినప్పుడు, ఎక్కడి నీరు ఎటు పోవాలి, ఎటు పోయింది అన్న ప్రశ్న ప్రతి ఇంటి ముందూ నిలిచింది. మారుతూ ఉండే బొమ్మకు ఎలాంటి ఉపకరణం కావాలన్నదే మన ప్రశ్న.

బెల్ ల్యాబ్స్‌లో మొదలైన మాట

మాటలతో బొమ్మ గీయడం అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో, యూనిక్స్ పుట్టిన వాతావరణంలో రూపుదిద్దుకుంది. జో ఒస్సానా 1970ల మొదట్లో ట్రాఫ్ అనే అచ్చుకూర్పు ప్రోగ్రాం రాశారు. మామూలు అక్షరాల్లో రాసిన పాఠాన్ని, మధ్యలో ఇచ్చిన ఆదేశాలను చదివి ఫోటోటైప్‌సెట్టర్‌కు పంపడం దాని పని. 1977లో ఆయన మరణించాక బ్రయన్ కెర్నిగన్ ఆ ప్రోగ్రాంను ఏ అచ్చు యంత్రానికైనా పనికొచ్చేలా తిరగరాశారు. గణిత సూత్రాలకు ఒకటి, పట్టికలకు ఒకటి చొప్పున చిన్న చిన్న భాషలు అప్పటికే ట్రాఫ్ ముందు వరుసలో చేరాయి. బొమ్మల కోసం కెర్నిగన్ చేసిన భాష పిక్. దాన్ని వివరించే వ్యాసం 1982లో అచ్చయింది.

పిక్‌లో రాయడం సూటిగా ఉంటుంది. బాక్స్ అంటే పెట్టె, యారో అంటే బాణం. ఒకదాని తర్వాత ఒకటి రాసుకుంటూ పోతే అవి ఎడమ నుంచి కుడికి వరుసగా పడతాయి. కిందికి రమ్మంటే కిందికి వస్తాయి. ఏ వస్తువు ఎక్కడ ఉండాలో చివరి మాట మాత్రం రాసేవారిదే. కొల్లేటికి ఉత్తరాన ఏలూరు, దక్షిణాన కైకలూరు అని అసలు దిక్కులకు దగ్గరగా పెట్టుకోవాలంటే పిక్ మాట వింటుంది. అరవై డ్రెయిన్లలో మధ్య నుంచి ఒకటి తీసేస్తే మాత్రం చుట్టూ ఉన్నవాటిని మనమే సర్దాలి. పిక్ వంశం అంతరించలేదు. గ్నూ ప్రాజెక్టు వారి ట్రాఫ్ అయిన groffలో జేమ్స్ క్లార్క్ రాసిన రూపం నేటికీ ఉంది. ఎస్క్యూలైట్ డేటాబేస్ సృష్టికర్త రిచర్డ్ హిప్ 2020లో అదే సంప్రదాయంలో పిక్‌చర్ అనే చిన్న ప్రోగ్రాం రాసి, దాదాపు ఏ షరతూ లేని లైసెన్సుతో లోకానికి ఇచ్చారు.

అమరికను యంత్రానికి అప్పగించిన వ్యాసం

ఎక్కడ పెట్టాలో మనిషి చెప్పకుండా, ఏది దేనితో కలుస్తుందో మాత్రమే చెబితే చాలు అన్నది తర్వాతి మెట్టు. దానికి సిద్ధాంతపు పునాది జపాన్‌లో పడింది. కోజో సుగియామా, తన సహచరులతో కలిసి 1981లో దిశలున్న గ్రాఫ్‌లను అంచెలుగా అమర్చే పద్ధతిని ప్రచురించారు. వలయాలను విడదీయడం, ప్రతి బిందువుకూ ఒక అంచె కేటాయించడం, గీతలు ఒకదాన్నొకటి దాటే చోట్లను తగ్గించడం, చివరికి కచ్చితమైన స్థానాలు నిర్ణయించడం, ఈ నాలుగు దశలు ఆ పద్ధతికి ప్రాణం. మూడో దశకు వేగంగా, ప్రతిసారీ అత్యుత్తమ ఫలితమిచ్చే పద్ధతి ఎవరికీ తెలియదు. అది ఎన్‌పీ-హార్డ్ సమస్య అని గేరీ, జాన్సన్ 1983లో నిరూపించారు. అందుకే ఈ ఉపకరణాలన్నీ ఆ దశలో ఉజ్జాయింపు మీదే నడుస్తాయి.

బెల్ ల్యాబ్స్‌లోనే ఎమ్డెన్ గాన్స్‌నర్, స్టీఫెన్ నార్త్, కియెమ్-ఫాంగ్ వో 1988లో డ్యాగ్ అనే ప్రోగ్రాం గురించి రాశారు. ఎలెఫ్తీరియోస్ కుట్సోఫియోస్ చేరాక ఆ కృషి డాట్ అయింది. నలుగురూ కలిసి 1993లో ప్రచురించిన వ్యాసం ఈ రంగంలో మూలగ్రంథం వంటిది. డాట్‌తో పాటు మరికొన్ని అమరిక ప్రోగ్రాములు కలిసిన సంపుటి గ్రాఫ్‌విజ్. 2000 ప్రాంతంలో ఏటీ అండ్ టీ సంస్థ దాని సోర్స్‌ను బహిరంగం చేసింది.

గ్రాఫ్‌విజ్‌లో కొల్లేటి బొమ్మ రాస్తే అసలు విషయం ఇలా ఉంటుంది:

తమ్మిలేరు -> కొల్లేరు
బుడమేరు -> కొల్లేరు
రామిలేరు -> కొల్లేరు
కొల్లేరు -> ఉప్పుటేరు
ఉప్పుటేరు -> బంగాళాఖాతం

డాట్ భాష వ్యాకరణం ఆస్కీ పరిధి దాటిన అక్షరాలను కూడా పేర్లలో అనుమతిస్తుంది కాబట్టి, పైవరుసలను కొటేషన్ గుర్తులు లేకుండా తెలుగులో ఇలాగే రాయవచ్చు. బొమ్మలో వాగులు పై అంచెలో, సరస్సు వాటి కింద, ఉప్పుటేరు ఇంకా కింద, సముద్రం అట్టడుగున పడతాయి. నీరు పల్లమెరుగు అన్న సూత్రానికి, డాట్ అంచెల సూత్రానికి ఉన్న పొత్తు ఇది. గ్రాఫ్‌విజ్‌లోనే ఉన్న నీటో అనే మరో పద్ధతి గీతలను స్ప్రింగులుగా భావించి బిందువులను సర్దుతుంది. స్నేహ సంబంధాల వంటి దిశలేని గ్రాఫ్‌లకు అది అందంగా ఉంటుంది. నీటిదారులకు పనికిరాదు, ఎందుకంటే ఎగువ ఏదో దిగువ ఏదో దానికి పట్టదు.

కొల్లేరు పెట్టే అసలు పరీక్ష ఉప్పుటేరు దగ్గర వస్తుంది. పోటు సమయంలో నీరు వెనక్కి వస్తుందని చెప్పడానికి ఉప్పుటేరు నుంచి కొల్లేటికి మరో బాణం రాయాలి. అప్పుడు గ్రాఫ్‌లో వలయం ఏర్పడుతుంది. వలయం ఉంటే ఏది పై అంచె, ఏది కింది అంచె అన్నది తేలదు. డాట్ అలాంటి గీతను తాత్కాలికంగా తిప్పి అంచెలు లెక్కగట్టి, గీసేటప్పుడు మళ్లీ అసలు దిశలో బాణం పెడుతుంది. ఈ గీత అంచెల కేటాయింపును ప్రభావితం చేయకూడదని చెప్పే వీలు కూడా అందులో ఉంది. ఎదురు పోటు ఆ ఏటి ప్రధాన స్వభావం కాదని అలా ఒక్క మాటలో చెప్పవచ్చు.

రెండో పరీక్ష నందమూరు అక్విడెక్టు. అక్కడ రెండు నీటిదారులు ఒకదాన్నొకటి దాటుతాయి, కలవవు. కానీ కాగితం మీద రెండు గీతలు దాటే చోటు చూసినవారికి అది సంగమంలా కనిపించవచ్చు. డాట్ వీలైనంతవరకు దాటుళ్లను తగ్గించాలని చూస్తుంది, అంటే నేల మీద నిజంగా ఉన్న దాటుడు బొమ్మలో మాయం కావచ్చు. నీటిపారుదల ఇంజనీరుకు ఆ దాటుడే అతి ముఖ్యమైన సంగతి. వరద వచ్చినప్పుడు నీరు ఎగదన్నేది అలాంటి ఇరుకు చోటే. అందువల్ల అక్విడెక్టును, అండర్ టన్నెల్‌ను గీతల ఖండనకు వదిలేయకుండా వేరే ఆకారంతో ప్రత్యేక బిందువుగా రాయాలి. పైన కాలువ, కింద వాగు అన్న వివరాన్ని దానికి జోడించాలి. ఈ జాగ్రత్త ఏ ఉపకరణమూ మన బదులు తీసుకోదు.

ఆఫీసు నుంచి బ్రౌజరు దాకా

1990ల్లో సాఫ్ట్‌వేర్ రూపకల్పనకు గ్రేడీ బూచ్, జేమ్స్ రంబా, ఐవార్ జాకబ్సన్‌ల కృషితో యూఎంఎల్ అనే ఏకరూప చిత్రభాష ఏర్పడింది. 1997లో దానికి ప్రామాణిక హోదా వచ్చింది. ఆ బొమ్మలు గీయడానికి వచ్చిన పెద్ద వ్యాపార ఉపకరణాలు ఖరీదైనవి, వాటి ఫైళ్లు వాటిలోనే తెరుచుకునేవి. ఫ్రాన్స్‌కు చెందిన ఆర్నో రోక్ 2009లో ప్లాంట్‌యూఎంఎల్ విడుదల చేసి ఆ బొమ్మలను మామూలు పాఠంలోకి దించారు. ఎవరు ఎవరికి ఏ కబురు ఏ వరుసలో పంపుతారో చూపే సీక్వెన్స్ డయాగ్రమ్ దాని అసలైన బలం.

కొల్లేటి విషయంలో ఈ బలానికి తగిన పని ఉంది. బుడమేరు మీది వెలగలేరు రెగ్యులేటర్ గేట్లు ఎత్తితే ముందు ఎవరికి తెలియాలి, వారు ఎవరికి చెప్పాలి, పల్లంలో ఉన్నవారికి ఆ మాట ఎన్ని చేతులు మారి చేరుతుంది అన్నది నీటి బొమ్మ కాదు, కబురు బొమ్మ. దాన్ని గ్రాఫ్‌విజ్‌లో రాస్తే వరుసక్రమం పోతుంది. ప్లాంట్‌యూఎంఎల్‌లో రాస్తే పై నుంచి కిందికి కాలం, అడ్డంగా మనుషులు, మధ్యలో మాటలు స్పష్టంగా నిలుస్తాయి. దాని ఇబ్బంది జావా అవసరం కావడం. ఇతర రకాల బొమ్మల్లో చాలావాటి అమరికకు అది గ్రాఫ్‌విజ్ మీదే ఆధారపడింది.

స్వీడన్‌కు చెందిన క్నుట్ స్వైడ్‌క్విస్ట్ 2014లో మొదలుపెట్టిన మర్‌మెయిడ్ ఈ పనిని బ్రౌజరులోకి తెచ్చింది. జావాస్క్రిప్ట్‌లో రాసిన ఆ ప్రోగ్రాంకు వేరే ఏ ఇన్‌స్టలేషనూ అక్కర్లేదు. 2022 ఫిబ్రవరిలో గిట్‌హబ్ దాన్ని నేరుగా చదివి చూపడం మొదలుపెట్టాక, ప్రపంచమంతటా డెవలపర్లు తమ పత్రాల్లో వ్యాసం మధ్యలోనే బొమ్మను పాఠంగా రాయసాగారు. తాడేపల్లిగూడెంలో 2015లో ఏర్పడిన జాతీయ సాంకేతిక సంస్థలోనో, ఏలూరులో 1989 నుంచి నడుస్తున్న సర్ సి.ఆర్.రెడ్డి ఇంజనీరింగ్ కళాశాలలోనో చదువుతున్న విద్యార్థి ఈ కుటుంబంలో మొదట ఎదుర్కొనే ఉపకరణం ఇదే కావచ్చు. నేర్చుకోవడం తేలిక, పంచుకోవడం ఇంకా తేలిక. బిందువులు వందలు దాటితే మాత్రం అమరిక మీద డాట్ ఇచ్చినంత పట్టు ఇది ఇవ్వదు.

2022 చివరలో టెరాస్ట్రక్ట్ సంస్థ గో భాషలో రాసిన డీ2ను ఓపెన్ సోర్స్‌గా ఇచ్చింది. ఒక పెట్టెలో మరో పెట్టె పెట్టడం అందులో చాలా శుభ్రంగా ఉంటుంది. జిల్లాలో మండలం, మండలంలో గ్రామం, గ్రామంలో తూము అని రాయవలసినప్పుడు ఆ గుణం తెలిసొస్తుంది.

వీటిని ప్రత్యర్థులుగా చూసే అలవాటు మనకుంది. చరిత్ర చూస్తే అది సరికాదు. ప్లాంట్‌యూఎంఎల్ గ్రాఫ్‌విజ్‌నే పిలుస్తుంది. మర్‌మెయిడ్ ఫ్లోచార్టుల అమరిక డాగ్రే అనే లైబ్రరీ చేతిలో ఉంది, డాగ్రే అనుసరించింది 1993 నాటి ఆ నలుగురి వ్యాసాన్ని. డీ2 మామూలుగా వాడేది కూడా డాగ్రేనే. మరో దారిగా అది ఇచ్చే ఈఎల్‌కే జర్మనీలోని కీల్ విశ్వవిద్యాలయంలో పెరిగిన అంచెల పద్ధతి. సుగియామా వేసిన విత్తు ఇన్ని కొమ్మలు వేసిందంటే కారణం ఆ జ్ఞానం వ్యాసంగా, సోర్స్‌గా అందరికీ అందుబాటులో ఉండడమే. తలుపులు మూసిన ఉపకరణంలో ఉండి ఉంటే ప్రతి తరమూ ఆ నాలుగు దశలను మొదటి నుంచి కనుక్కోవలసి వచ్చేది.

తెలుగు అక్షరం దగ్గర

మన ప్రాంతపు బొమ్మ మన భాషలో ఉండాలంటే ఇంకో అంచె పరిశీలించాలి. మామూలు పాఠం రాస్తే రూపాన్ని యంత్రం ఇస్తుందన్న సూత్రం తెలుగువారికి కొత్తది కాదు. 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ ఆర్‌టీఎస్ లిప్యంతరీకరణ పద్ధతిని రూపొందించారు. మామూలు కీబోర్డు మీద ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయడం, అచ్చులో తెలుగు లిపి తెప్పించుకోవడం అందులోని కిటుకు. మూలం మామూలు పాఠం, రూపం యంత్రం పని. పిక్, డాట్ చేసిందీ అదే. 2006లో వీవెన్ తయారుచేసిన లేఖిని ఆ పద్ధతిని వేలాది తెలుగువారి వేళ్లకు అలవాటు చేసింది.

యూనికోడ్ తొలి రూపం 1991లో వచ్చినప్పుడే తెలుగు అందులో ఉంది. కానీ కోడ్ ఉంటే సరిపోదు. తమ్మిలేరులో ‘మ్మి’, కృష్ణలో ‘ష్ణ’ సరిగా పడాలంటే హల్లును, వత్తును, గుణింతాన్ని కలిపి ఒక ఆకారంగా పేర్చే షేపింగ్ ఇంజన్ కావాలి. అది తప్పితే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచం చూసింది. ‘జ్ఞా’ వంటి ఒక తెలుగు అక్షర సముదాయం తెర మీదికి రాగానే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. కొద్ది రోజుల్లో ఆపిల్ సవరణ విడుదల చేసింది. ఓపెన్ సోర్స్ లోకంలో ఈ భారం మోసేది బెహ్దాద్ ఎస్ఫాబోద్ నడిపించిన హార్ఫ్‌బజ్. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ బ్రౌజర్లు, అక్షరాలను కూర్చే పాంగో లైబ్రరీ, జావా తొమ్మిదో వెర్షన్ నుంచి ఓపెన్‌జేడీకే అన్నీ దాన్నే వాడుతున్నాయి.

కాబట్టి బ్రౌజరులో నడిచే మర్‌మెయిడ్‌కు తెలుగు షేపింగ్ సమస్య కాదు. మాటలను కొటేషన్ గుర్తుల్లో పెట్టమని మాత్రం దాని పత్రాలు చెబుతాయి. గ్రాఫ్‌విజ్ పాంగో ద్వారా తెలుగును సరిగా కూరుస్తుంది. కానీ ఎస్‌వీజీ రూపంలో బొమ్మను తీస్తే, అక్షరాలను చివరగా పేర్చేది చూసేవారి యంత్రం. గీసిన యంత్రంలో ఉన్న ఫాంటు అక్కడ లేకపోతే ‘పెదయడ్లగాడి’ పెట్టె దాటి బయటికి పొడుచుకొస్తుంది. ఉపాయం సులభం. తిరుమల కృష్ణ దేశికాచార్యులు ఇచ్చిన పోతన, వేమన ఫాంట్లో, సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర వంటి ఓపెన్ ఫాంట్లో ఒకటి ఎంచుకొని ఆ పేరును సోర్స్‌లోనే రాయాలి, బొమ్మతో పాటు ఫాంటునూ పంచాలి. అవి ఉచితంగా పంచదగినవి కాబట్టే ఈ సలహా సాధ్యమైంది. పిక్ పాత సంప్రదాయంలోని ట్రాఫ్ వర్గానికి మాత్రం తెలుగు కూర్పు చేతకాదు. తెలుగు బొమ్మలకు దాన్ని ఎంచుకోకూడదు.

ఒక్క అంకె మారితే

ఇంతవరకు అందం, అమరిక, లిపి గురించి మాట్లాడాం. పాఠంలో బొమ్మ రాయడానికి వీటన్నిటినీ మించిన కారణం మార్పు కనబడడం. రెండు ఫైళ్ల మధ్య ఏ వరుస మారిందో చూపే డిఫ్ కూడా బెల్ ల్యాబ్స్ బిడ్డే. దాని పద్ధతిని హంట్, మెకిల్‌రాయ్ 1976లో వివరించారు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన గిట్, ప్రతి మార్పునూ ఎవరు, ఎప్పుడు, ఏ కారణం చెప్పి చేశారో భద్రపరుస్తుంది.

కొల్లేటి అభయారణ్యపు హద్దును పాఠంలో రాశామనుకుందాం. +5 అన్నచోట +3 అని దిద్దితే డిఫ్‌లో మారేది ఒక్క అంకె. నేల మీద 308 చదరపు కిలోమీటర్లు 135 అవుతాయి. 173 చదరపు కిలోమీటర్ల చిత్తడి నేల హద్దు దాటిపోతుంది. రంగుల పటంలో గీత కొంచెం లోపలికి జరిగితే పాత పటం పక్కన పెట్టుకుంటే తప్ప కంటికి ఆనదు. పాఠంలో తీసేసిన వరుస ఎర్రగా, చేర్చిన వరుస పచ్చగా నిలబడతాయి, పక్కనే మార్చినవారి పేరు, తేదీ. బొమ్మలను ఎక్స్‌ఎంఎల్‌లో దాచే డ్రా డాట్ ఐవో, ఇంక్‌స్కేప్ వంటి మంచి ఉపకరణాలతోనూ ఈ లాభం పూర్తిగా రాదు. పెట్టెను రవ్వంత పక్కకు జరిపినా నిర్దేశాంకాలు మారి అసలు మార్పు వాటిలో మునిగిపోతుంది. అవి గీతల స్థానాలను భద్రపరుస్తాయి, డాట్ గీతల అర్థాన్ని భద్రపరుస్తుంది.

లైసెన్సుల తేడాలనూ ఈ దృష్టితోనే చూడాలి. గ్రాఫ్‌విజ్ ఎక్లిప్స్ లైసెన్సులో, మర్‌మెయిడ్ ఎంఐటీ లైసెన్సులో, డీ2 మొజిల్లా లైసెన్సులో ఉన్నాయి. ప్లాంట్‌యూఎంఎల్ జీపీఎల్‌తో పాటు మరికొన్ని లైసెన్సుల్లోనూ దొరుకుతుంది. డీ2తో కలిసి పనిచేసే టాలా అనే అమరిక ఇంజన్ మాత్రం మూసిన సోర్స్. ఒక కార్యాలయమో కళాశాలో టాలాతో అందమైన బొమ్మ తీసి, పదేళ్ల తర్వాత మళ్లీ తీయాలంటే మరొకరి అనుమతి కావాలి. ప్రజల ఆస్తి అయిన నీటి లెక్కకు అది తగదు. తెలుగు రాష్ట్రాల్లో స్వేచ్ఛ వంటి సంస్థలు ఇన్నేళ్లుగా చెబుతూ వచ్చిన మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. సోర్స్ చేతిలో లేని సాఫ్ట్‌వేర్ మీద మన హక్కు అమ్మినవాడి దయ ఉన్నంతవరకే.

తీర్పు

కొల్లేటి నీటిదారుల మూల పాఠానికి గ్రాఫ్‌విజ్ డాట్‌ను మించినది నాకు కనబడలేదు. అంచెల అమరిక నీటి స్వభావానికి సరిపోతుంది, తెలుగు పేర్లను నేరుగా తీసుకుంటుంది, ఇంటర్నెట్ లేని చిన్న కంప్యూటరు మీద కూడా నడుస్తుంది, ముప్పై ఏళ్లుగా దాని భాష దాదాపు మారలేదు. వరద కబుర్ల వరుసకు ప్లాంట్‌యూఎంఎల్ వాడాలి. బడి పిల్లలకు, పత్రికలకు, నలుగురూ చదివే పత్రాలకు మర్‌మెయిడ్ చాలు. గ్రామాల్లో తూముల వంటి ఒకదానిలో ఒకటి ఇమిడే వివరాలకు డీ2ను, దాని ఓపెన్ ఇంజన్లతోనే వాడవచ్చు. అసలు దూరాలు, కాంటూర్లు, విస్తీర్ణాలు కావాలంటే ఇవేవీ కాదు. అది క్యూజీఐఎస్ వంటి ఓపెన్ సోర్స్ పటాల సాఫ్ట్‌వేర్ చేసే పని. గ్రాఫ్ పటానికి తోడుగా ఉంటుంది, పటం స్థానాన్ని తీసుకోదు.

ఇక మిగిలింది చేయడమే. ఏలూరు, తాడేపల్లిగూడెం కళాశాలల్లో ఏటా ఎందరో విద్యార్థులు ప్రాజెక్టు అంశం కోసం వెతుకుతారు. సివిల్ విభాగం విద్యార్థి డ్రెయిన్ వెంట నడిచి ఏది దేనిలో కలుస్తుందో రాసుకొస్తే, కంప్యూటర్ విభాగం విద్యార్థి దాన్ని డాట్‌లోకి ఎక్కిస్తే, లంక గ్రామాల పెద్దలు పేర్లు సరిచేస్తే, కొల్లేటికి అందరూ చదవగల, అందరూ దిద్దగల ఒక లైన్ డయాగ్రమ్ తెలుగులో తయారవుతుంది. ప్రభుత్వ శాఖల దగ్గరున్న లైన్ డయాగ్రమ్‌లు కూడా ఈ రూపంలో బహిరంగం కావాలి. ప్రతి గండీ, ప్రతి గట్టూ, ప్రతి కొత్త కాలువా అందులో తేదీతో సహా ఒక వరుసగా చేరాలి. ఈ పనికి కావలసిన ఉపకరణాలన్నీ ఉచితంగా, తెరిచిన సోర్స్‌తో మన ముందున్నాయి. వచ్చే వానాకాలానికి ముందే ఎవరో ఒకరు మొదటి వరుస రాయాలని నా విన్నపం.